కండ్లు పెట్టని పటం

మా ఊరి లలితకళా ప్రదర్శనశాలలో గోడకు వేలాడే ఏ బొమ్మకైనను కళ్లు దిద్దుట, దిద్దబూనుట, దిద్దుమని ఇతరులను ప్రేరేపించుట శిక్షార్హమైన నేరమని ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమైనది. ఈ బోర్డు వాకిట్లోనే ఉంది. చదువు రానివాళ్ల కోసం పక్కన ఒక కన్ను బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టారు. ఆ కన్ను గీసినందుకు బోర్డు రాసినవాడికి సంజాయిషీ నోటీసు వెళ్లిందని విన్నాను. నిజమో కాదో తెలియదు గానీ, మావాళ్లను ఎరిగినవాణ్ణి కనుక నమ్మాను.

ఊరి పేరు చెప్పను. చెబితే మావాళ్లు నాకు సన్మానం చేస్తారు. మా ఊళ్లో సన్మానం జరిగినవాడి గతి ఏమవుతుందో మీరే చూడబోతున్నారు. కరీంనగరానికీ ఆదిలాబాదుకూ నడుమ, గోదావరి ఒడ్డున, దేశపటంలో ఈగ వాలినట్టు ఒక చుక్క ఉంటుంది. అదే మా ఊరు.

అరవై ఒకటో సంవత్సరం మొదట్లో ఆ చుక్కకు హైదరాబాదు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రజలలో కళాభిరుచిని పెంపొందించవలెననీ, మార్చి నెలాఖరులోగా పెంపొందనిచో మంజూరైన సొమ్ము వాపసు పోవుననీ దాని సారాంశం. మొదటి వాక్యం చదివి మా ఊరు ఆవులించింది. రెండో వాక్యం చదివి దిగ్గున లేచి కూర్చుంది. ఆ వారంలోనే సంఘం ఏర్పడింది.

సంఘానికి అధ్యక్షుడు అంబదాస్ సేఠ్. ఆయనది భైంసా, పత్తి వ్యాపారం. పత్తికీ కళకూ ఏమిటి సంబంధమని అడగకండి. ఊరి బయట ఆయనకు పాత పత్తి గోదాము ఒకటుంది. దాన్ని సర్కారు ధాన్యం నిలవకు తీసుకుంటుందని ఒక పుకారు లేచింది. పుకారు లేచిన మర్నాడే సేఠుగారికి కళ మీద ప్రేమ పుట్టుకొచ్చి, గోదామును కళామతల్లికి అంకితం చేశారు. మూలనున్న పెద్ద తరాజును మాత్రం తరువాత తీసుకుపోతానన్నారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. 'ప్రాచీన తూనిక సాధనము' అని చీటీ కట్టారు. పత్తి కాలం వస్తే సేఠుగారి గుమాస్తాలు ఆ ప్రాచీన సాధనం మీదనే రైతుల పత్తి తూస్తారు, ఎప్పుడూ కొంచెం తక్కువే తూగుతుంది.

క్యూరేటరుగా చిదంబరరావుగారు వచ్చారు. కాకినాడ వైపు మనిషి. అంతకు ముందు మత్స్యశాఖలో ఉండి, గోదావరిలో చేపపిల్లల్ని వదిలే పని చూసేవారు. చేపల దగ్గర నుంచి చిత్రాల దగ్గరికి ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు. బదిలీ కాగితాన్ని ప్రశ్నలు అడిగే అలవాటు ఆయన వంశంలోనే లేదట. ఇక నేను పూలదండల ఉపసంఘానికి కన్వీనర్ని. ఈ కథలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. అది కూడా నేను చేశానో, నా చేత జరిగిపోయిందో నాకే తెలియదు.

మార్చి వచ్చేసరికి వస్తువులు చేరడం మొదలయింది. అడవి కాంట్రాక్టరు ఒకాయన, తాను కొట్టానని చెప్పుకునే చిరుతపులిని గడ్డి కూరి ఇచ్చాడు. ఒక పటేలుగారు తమ తాతగారు యుద్ధంలో వాడిన కత్తి ఇచ్చారు. ఏ యుద్ధమని అడిగితే కనుక్కుని చెబుతానన్నారు. ఎప్పుడో ఆగిపోయిన కచేరీ గడియారం ఒకటి వచ్చింది. అది ఆగిన సమయం చారిత్రకమైనదని చిదంబరరావుగారు చీటీ రాశారు. అన్నీ కుదిరాయి. ఇంక వారంలో మంత్రిగారు వస్తారనగా, చిత్రాల శాల అంటున్నాం కదా, చిత్రం ఒకటి ఉండవద్దా అని ఎవరో అన్నారు. ఆ అన్నవాణ్ణి సంఘంలోంచి తీసేశారు గానీ, మాట మాత్రం మిగిలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు నకాసు హనుమండ్లు.

మా వైపు బొమ్మలు రాసే కులవృత్తివాళ్లను నకాసులంటారు. హనుమండ్లు పటాలు రాస్తాడు. పటమంటే గోడకు కొట్టే చిన్న బొమ్మ కాదు. చాపలా చుట్టే పొడుగాటి గుడ్డ. దాని నిండా దేవుళ్లు, రాజులు, గుర్రాలు, ఏర్లు, యుద్ధాలు. నేతవాళ్ల ఊళ్లకు కథ చెప్పేవాళ్లు పోయి, ఆ పటం కొంచెం కొంచెం విప్పుతూ, ఆ కులం పుట్టిన నాటి నుంచి కథంతా చెబుతారు. ఎండలు ముదిరి పంటలు ఇల్లు చేరినాక మొదలుపెడితే, మిరుగం కార్తె వానలు పడేదాకా ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతారు. ఆ మూడు నెలల కథే వాళ్లకు ఏడాది తిండి.

హనుమండ్లు మంచివాడని నేను చెప్పను. కల్లు తాగితే తిడతాడు, తాగకపోతే ఇంకా తిడతాడు. ఇస్తానన్న నెలకు పని ఇచ్చిన పాపాన పోలేదు. తనంతటి నకాసు గోదారికి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ లేడని అడగకుండానే చెబుతాడు. వెనకటికి గడిలో దొర, తన మీసాలు దేవుడి బొమ్మకు పెట్టమంటే, అట్లాగే దొరా అని చెప్పి రాక్షసుడికి పెట్టాడట. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ బాపతు.

ఆయన ఇంటి పంచలో అప్పుడొక కొత్త పటం ఆరుతోంది. రాయమల్లు, శంకరవ్వ అని మొగుడూ పెళ్లాం కథ చెప్పేవాళ్లున్నారు, వాళ్లది. పటమంతా అయింది, కళ్లొక్కటే మిగిలాయి. ముఖాలన్నీ నిండుగా ఉన్నాయి. కళ్లున్న చోట తెల్లటి బాదంగింజల్లాంటి జాగా వదిలి ఉంది, నల్లగుడ్డు లేదు. నకాసుల్లో ఒక పద్ధతి ఉంది. కళ్లు అన్నిటికంటే చివర పెట్టాలి. మంచి దినం చూసి, పటం రాయించుకున్నవాళ్లు పూలు, పసుపు, కొత్త తువాల తెస్తే, వాళ్ల ఎదుటే పెట్టాలి. కన్ను పెట్టేదాకా అది గుడ్డ. పెట్టినాక దేవుడు. దేవుడు కళ్లు తెరిచిన వెంటనే కథ వినాలి, ఊరికే చుట్టి మూల పెట్టకూడదు. ఇంకొకటి, ఒక ఇంటికి రెండు పటాలుండవు. చిరిగిపోయిన పాతదాన్ని పూజ చేసి గోదావరిలో కలిపితేనే కొత్తదానికి కళ్లు వస్తాయి. రాయమల్లు, శంకరవ్వ పాత పటాన్ని అమాసనాడే గోదావరిలో కలిపేశారు. కొత్తదానికి కళ్లు పెట్టే దినం ఇంకా రాలేదు. సరిగ్గా ఆ నడుమ సందులో చిదంబరరావుగారు జీపు దిగారు.

మంత్రిగారు చూడగానే ఎనిమిది రోజుల్లో తిరిగి ఇచ్చేస్తామని ఆయన మాట ఇచ్చారు. హనుమండ్లు ఊరికే ఒప్పుకోలేదు. తన పటం ముందు మంత్రి నిలబడతాడా, కూర్చుంటాడా అని అడిగాడు. నిలబడతాడని చెప్పినాక ఒప్పుకున్నాడు.

ప్రారంభోత్సవం కన్నుల పండువగా జరిగింది. పటాన్ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా విప్పి కట్టారు. మంత్రిగారు దాని ముందు కాసేపు నిలబడి, పులి ముందు ఎక్కువసేపు నిలబడి, దండలు వేయించుకుని వెళ్లిపోయారు. అసలు సంగతి ఆయన వెంట వచ్చిన కళాతత్వవేత్త ఆచార్య నిరంజనంగారి వల్ల జరిగింది. ఆయన ఎండకు పెట్టుకున్న నల్లద్దాలు తీయకుండానే చీకటి గోదాములోకి వచ్చి, పటం దగ్గరికి ముఖం పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. తరువాత వేదిక ఎక్కారు.

"కళ్లున్నవాడు బయటకు చూచును. కళ్లు మూసినవాడు లోపలకు చూచును. కళ్లు ఉండవలసిన చోట లేనివాడు ఎక్కడికి చూచును? బయటా కాదు, లోపలా కాదు. మూడవ చోటికి! పాశ్చాత్యులు నూరేళ్లు శ్రమించి అందుకోలేని ఆ మూడవ చోటును మీ ఊరి నకాసు పత్తి గోదాములో అందుకున్నాడు. ఈ చిత్రానికి చూపు లేదు. అందుచేతనే దీనికి దృష్టి ఉన్నది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు కనుక చాలాసేపు చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే ఒక చప్పట ఎక్కువే కొట్టాను. మర్నాడు పత్రికల్లో పడింది. ఇక పటం ఊరి ఆస్తి అయిపోయింది.

ఎనిమిదో రోజున హనుమండ్లు వచ్చి పటం అడిగాడు. చిదంబరరావుగారు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక మహాకళాఖండాన్ని తిరిగి ఇచ్చే అధికారం తనకు లేదన్నారు. అయితే కుంచె తెచ్చుకున్నాను, కళ్లన్నా పెట్టిపోతానన్నాడు హనుమండ్లు. చిదంబరరావుగారు 'ముట్టుకొనరాదు' అన్న చీటీని చూపించారు. రాసినవాడు కూడా ముట్టుకోవద్దా అంటే, ముఖ్యంగా రాసినవాడేనన్నారు. సరే, ఇంకొకటి రాసిద్దామంటే ఇది ఉండగా అది రాయకూడదు.

"ఇస్తె ఇయ్యుండ్రి సారు, లేకుంటె గోదాట్ల కలుపుండ్రి. నడిమిట్ల గిట్ల యాలాడదీస్తె ఎట్ల?"

గోదావరి మాట వినగానే చిదంబరరావుగారు ఉలిక్కిపడ్డారు. ఆ నదిలో తాను వదిలినట్టు కాగితాల మీద రాసిన చేపపిల్లలేవీ మళ్లీ కనబడలేదని, ఆ సంగతి ఇప్పుడెందుకని అన్నారు. ఇస్తామని ఎప్పుడూ అనలేదని కూడా అన్నారు.

ఈలోగా ఊళ్లో కళాభిరుచి పెంపొందసాగింది. ఫోటో స్టూడియో కొండల్ దగ్గరికి పెద్దమనుషులు పోయి, తమ ఫోటోల్లో కళ్లు తీసేసి ఇమ్మన్నారు. కొండల్ మొదట పరేషాన్ అయ్యాడు గానీ, బ్లేడుతో గీకి తెల్లగా చేయడం నేర్చుకున్నాడు. బళ్లో డ్రాయింగు పరీక్షలో నెమలికి కన్ను పెట్టిన పిల్లలందరూ తప్పారు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలు కూడా కళ్లు లేకుండానే పంపారు. సంబంధాలు ఎప్పటిలాగే కుదిరాయి, పిల్ల చూపు ఎట్లా ఉంటుందని అంతకు ముందు మాత్రం ఎవరు అడిగారు గనుక! సేఠుగారు తమ నిలువెత్తు చిత్రపటాన్ని ఈ కొత్త పద్ధతిలో రాయించుకోవాలని ఆశపడ్డారు. రాయగలిగినవాడు ఒక్కడే.

అందుకని సన్మానం పెట్టారు. వేసవి నడిమధ్య, రేకుల పందిరి కింద, హనుమండ్లుకు జరీ అంచు ఉన్ని శాలువ కప్పి 'అంతర్నేత్ర' అన్న బిరుదు ఇచ్చారు. మాట్లాడమంటే ఆయన లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేను కండ్లు ఇంక పెట్టలే. దినం జూసి పెడుత అన్న. ఎనిమిది దినాలని తెచ్చిండ్రు, ఇస్తలేరు. రాయమల్లు, శంకరవ్వ కత చెప్పుకొని బతికెటోళ్లు, వాళ్ల పటమది. మీరు గిన్నిగనం చప్పట్లు కొట్టుడు ఎందుకు, పటం ఇచ్చేస్తె అయిపోతది."

చిదంబరరావుగారు లేచి కళ్లు తుడుచుకున్నారు. గొప్ప కళాకారుల వినయం ఇట్లాగే ఉంటుందనీ, తన కళాఖండాన్ని తానే అసంపూర్ణమనుకోవడం మహానుభావులకు సహజమనీ, ఆయన మాటల్ని పట్టించుకోకపోవడమే ఆయనకు మనం చేసే నిజమైన గౌరవమనీ చెప్పారు. ఆ గౌరవం మేమంతా చేశాం.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. హనుమండ్లు ఆ శాలువను ఇంటికి పోయి విప్పలేదు. మండుటెండలో ఉన్ని శాలువ కప్పుకుని బజారులో తిరిగాడు. దారిన పోయేవాళ్లు నమస్తే పెడుతుంటే నాలుగు రోజులు కోపంగానే అందుకున్నాడు; అయిదో రోజు నుంచి వాళ్లు పెట్టకపోతే కోపం వచ్చేది. బెల్లంపల్లి బొగ్గు కాంట్రాక్టర్లు కళ్లు లేని బొమ్మలు కావాలని వచ్చారు. పటం పనిలో కన్ను పెట్టడమంత కష్టం ఇంకొకటి లేదు. వేలు రవ్వంత వణికితే దేవుడికి దొంగచూపు వస్తుంది. ఆ కష్టమే లేని పని, పైగా పొగడ్త. హనుమండ్లు రాసి ఇచ్చాడు. సేఠుగారిని కూడా రాశాడు. కావాలనే కళ్లు పెట్టలేదా అని ఎవరైనా అడిగితే, జర ఆగి, గడ్డం నిమిరి, అవునన్నట్టే తలాడించడం కూడా నేను చూశాను. పటం సంగతి అడగడం తగ్గించాడు.

రాయమల్లు, శంకరవ్వ ఆ ఏడు పటం లేకుండానే ఊళ్లు పట్టిపోయారు. వానలు పడ్డాక తిరిగి వచ్చి, తిన్నగా హనుమండ్లు ఇంటికి పోయారు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. మా ఉపసంఘం బోర్డుకు ఒక పూలదండ బొమ్మ రాయించుకోవడానికి పోయాను. రాయమల్లు మాట్లాడే మనిషి కాదు. కథలో రాగం ఆయనది, మాట ఆమెది. బయట కూడా అంతే. ఆయన గుమ్మం పక్కన డోలు దించి కూర్చున్నాడు. శంకరవ్వ నిలబడే ఉంది.

పటం లేనిది కథెట్లా చెబుతారని మొదటి ఊళ్లోనే అడిగారట. నోటితో చెబుతామంటే, నోటితో చెప్పేది మా ఇంట్ల ముసలమ్మ కూడ చెప్తది, పటం తెండి అన్నారట. ప్రతి ఊళ్లోనూ అదే మాట. పాపం వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆకలితో పంపలేదు.

"కత జెప్తె మాకు ఇచ్చేది మా పాలు, మా వాటా మామా. ముత్తాతల కాడికెల్లి వస్తున్న పాలు. గుంజుకొని తీసుకుంటం, తక్కువయితె కొట్లాడుతం. గీ పారి ఏమయిందో ఎరికేనా? గడప ముంగట నిలవడితె చాటల బియ్యం తెచ్చి, పాపం పోన్లే అని జోలెల పోసిండ్రు. మాకు బిచ్చం ఏసిండ్రు మామా."

హనుమండ్లు రాసుకుంటున్న బొమ్మ వైపు చూస్తూ ఉన్నాడు. అదెవరో కాంట్రాక్టరు ముఖం, కళ్లు లేకుండా తయారవుతోంది.

"నువ్వు సాలువ కప్పుకున్నవు. మేము జోలె కట్టుకున్నం. వచ్చే ఏడు కూడ గంతేనా? చెప్పు, పటం లేకుంటె నీ సాలువ ఇప్పి చూపెట్టుకుంట కత చెప్పాల్నా?"

నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు, కదల బుద్ధీ కాలేదు. హనుమండ్లు కుంచె కడిగి పక్కన పెట్టాడు. శాలువ తీసి దండెం మీద వేశాడు. కాంట్రాక్టరు బొమ్మ తీసి గోడకు తిప్పి పెట్టి, లోపలికి పోయి శంకరవ్వకు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ తరువాత ఆయన చేత ఎవరూ కళ్లు లేని బొమ్మ రాయించలేకపోయారు. నా పూలదండ కూడా ఆగిపోయింది.

ఆయన మళ్లీ ప్రదర్శనశాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అరిచాడు, మొక్కాడు, గుమ్మంలో కూర్చున్నాడు. గుమ్మంలో కూర్చున్న కళాకారుణ్ణి చూడటానికి జనం వస్తున్నారని చిదంబరరావుగారు ఆయనకు నీడ కోసం గొడుగు కట్టించారు. ఆయన దేన్ని తిట్టినా అది కళ కింద జమయిపోయేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎంత గొడవ చేస్తే పటం విలువ అంత పెరిగింది. ఆ గొడవ సంగతి హైదరాబాదు దాకా పోయి, వార్షికోత్సవానికి నిరంజనంగారు మళ్లీ వస్తానని రాశారు.

ఆ వార్షికోత్సవానికి సంఘం ఒక అపూర్వమైన కార్యక్రమం ఆలోచించింది. దాని పేరు 'కన్ను దిద్దకపోవుట: ప్రత్యక్ష ప్రదర్శన'. చిత్రకారుడు నల్లరంగులో ముంచిన కుంచె పట్టుకుని తన పటం ముందు నిలబడతాడు. కుంచెను కంటి దగ్గరి దాకా తీసుకుపోతాడు. అక్కడ ఆపుతాడు. దిద్దడు. ఆ మహానిగ్రహాన్ని కొండల్ ఫోటో తీస్తాడు. ఈ మాట హనుమండ్లుకు భయపడుతూ భయపడుతూ చెప్పారు. ఆయన విని, చేతులు జోడించి, "మీ దయ సారు, అట్లనే చేస్త" అన్నాడు. ఆయన నోట 'దయ' అన్న మాట వినగానే మేము అనుమానపడవలసింది. ప్రచారంలో పడి ఎవరికీ తోచలేదు.

ఆ రోజు వచ్చింది. మంత్రిగారు రాలేదు, మంత్రివర్గం మారింది, కొత్త మంత్రిగారికి మేము ఇంకా తెలియదు. ఆయన కోసం తెచ్చిన పెద్ద బంతిపూల దండ నా చేతుల్లోనే ఉండిపోయింది. నిరంజనంగారు నల్లద్దాలతో వేదిక నడిమి కుర్చీలో కూర్చున్నారు. వెనక వరుసల్లో ఎప్పుడూ లేనంత మంది జనం, చుట్టుపట్ల ఊళ్ల నేతవాళ్లు. కళాభిరుచి పల్లెలకు కూడా పాకిందని సేఠుగారు సంతోషించారు. వాళ్ల నడుమ రాయమల్లు, శంకరవ్వ ఉన్నారు. డోలు మీద గొంగడి కప్పి ఉంది.

చిదంబరరావుగారు వార్షిక నివేదిక చదవడం మొదలుపెట్టారు. హనుమండ్లు, చాలా నెలల తరువాత మళ్లీ ఆ శాలువ భుజాన వేసుకుని, మాకు వీపు పెట్టి, పటానికి ముఖం పెట్టి, కుంచె ఎత్తి నిలబడ్డాడు. నివేదికలో పులిని ఎందరు చూశారు, కత్తిని ఎందరు చూశారు అన్న భాగం నడుస్తుండగా ఆయన కుంచె కంటి దగ్గరికి పోయింది. ఆగలేదు.

మొదట చూసినవాడు కొండల్. కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని ఉన్నాడు. ఆ గుడ్డలోంచి చూస్తే అన్నీ తలకిందులుగా కనబడతాయి కనుక, దిద్దకపోవడం అంటే తలకిందులుగా ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నానని తరువాత చెప్పాడు. తరువాత మేమందరం చూశాం. ఒక కన్ను, రెండు కళ్లు, ఒక ముఖం, దాని పక్క ముఖం. హనుమండ్లు అడుగు తీసి అడుగు వేస్తూ గోడ వెంట నడుస్తున్నాడు. చెయ్యి వణకడం లేదు. ఇది కార్యక్రమంలో భాగమో, ఘోరమో మాకు తెలియలేదు. తెలియనప్పుడు ఏం చేస్తామో అదే చేశాం. అందరం నిరంజనంగారి ముఖం వైపు చూశాం. ఆయన కదలలేదు. గంభీరంగా ఉన్నారు. ఆయనే ఊరుకుంటే మనమెవరమని మేమూ గంభీరంగా ఊరుకున్నాం. నల్లద్దాల వెనక ఆయన హాయిగా నిద్రపోతున్నారని ఎవరికి తెలుసు?

శంకరవ్వ ఎప్పుడు లేచిందో, బుట్టలోంచి పసుపు, కొత్త తువాల తీసుకుని నా పక్కకు వచ్చింది. నా చేతిలో దండ వైపు చూసింది. "అన్నా, పూలు మర్చి వచ్చిన" అంది. సంఘం ఆస్తిని బయటివాళ్లకు ఇవ్వకూడదని నాకు తెలుసు. ఆమె చెయ్యి చాపింది. దండ ఆమె చేతిలో ఉంది. మంత్రిగారి మెడకు సరిపడేట్టు గుచ్చిన దండ, పటానికి సరిగ్గా సరిపోయింది.

హనుమండ్లు చివరి కన్ను పెట్టి, కుంచె నేల మీద పెట్టి, తన పటానికి తానే దండం పెట్టుకున్నాడు. రాయమల్లు గొంగడి తీసి డోలు మీద దెబ్బ వేశాడు. శంకరవ్వ కథ ఎత్తుకుంది. ఏడాదిగా ఆగిన గొంతు. వెనక వరుసల జనమంతా కుర్చీలు వదిలి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు, చెప్పులు విడిచి మరీ.

డోలు చప్పుడుకు నిరంజనంగారు మేలుకున్నారు. అప్పటికే వేదిక మీద పరిస్థితి బాగా లేదు. పటంలోని దేవుడు సేఠుగారి వైపు చూస్తున్నాడు. సేఠుగారు ఎడమకు జరిగారు, చూపు ఎడమకు వచ్చింది. కుడికి జరిగారు, కుడికి వచ్చింది. చివరకు ఆయన పోయి తన ఉత్తరీయం తీసి తరాజు మీద కప్పివచ్చారు. పటంలో ఒక ఏరుంది, ఏటిలో చేపలున్నాయి. హనుమండ్లు వాటికి కూడా కళ్లు పెట్టాడు. చిదంబరరావుగారు మొత్తం నివేదిక చేతిలో పట్టుకుని, చేపల వైపు వీపు తిప్పి నిలబడ్డారు.

"హత్య!" అన్నారు నిరంజనంగారు. "ఒక మహాకళాఖండం మన కళ్లముందే హత్య చేయబడినది. నిన్నటిదాకా ఈ చిత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. చూడుడు, ఇప్పుడది నేల మీద కూర్చున్న ప్రతివాడికీ అర్థమగుచున్నది! ఇంతకంటే పతనమున్నదా? ఇది ఇక ప్రదర్శనశాలలో ఉండదగిన వస్తువు కాదు."

అక్కడికక్కడే సంఘం సమావేశమైంది. పటం 'పూర్తి అగుటచే పాడైన వస్తువు'గా తీర్మానం జరిగింది. పాడైన వస్తువును పాడుచేసినవాడే తన ఖర్చుతో తక్షణం తొలగించవలెనని హనుమండ్లుకు శిక్ష విధించారు. బిరుదు కూడా వెనక్కి తీసుకున్నారు. ఆయన తల వంచుకుని శిక్ష విన్నాడు, తల వంచుకునే పటం చుట్టాడు. తల ఎత్తితే నవ్వు కనబడేది. శాలువ సంగతి మేము మరిచిపోయాం. శంకరవ్వ మరిచిపోలేదు. దాన్ని ఆయన భుజం మీద నుంచి తీసి, పటానికి ఎండ తగలకుండా చుట్టి, తల మీద పెట్టుకుని బయలుదేరింది. జరీ అంచు చాలా దూరం దాకా కనబడింది.

ప్రదర్శనశాల ఏమైపోయిందోనని మీరు ఫికర్ చేయనక్కర్లేదు. దివ్యంగా ఉంది. ఖాళీ గోడ నిండా సంఘ సభ్యుల నిలువెత్తు చిత్రపటాలు కట్టారు. హనుమండ్లు రాయనన్నాడు కనుక సైను బోర్డులవాడి చేత రాయించారు, కళ్లు లేకుండానే. అవి ఎంత బాగా కుదిరాయంటే, కచేరీల నుంచి కూడా అడిగి రాయించుకుపోయారు. ఇప్పుడు మా వైపు ఏ కచేరీకి పోయినా, అధికారిగారి కుర్చీ వెనక అధికారిగారి బొమ్మ ఉంటుంది. అధికారిగారు క్యాంపులో ఉంటే, రైతులు ఆ బొమ్మ ముందే దరఖాస్తు పట్టుకుని నిలబడి గోడు చెప్పుకుని పోతారు. తేడా ఏమైనా ఉందా అని నేను చాలామందిని అడిగాను. ఉందన్నవాడు ఒక్కడు లేడు.

పటం ఊళ్లు తిరుగుతోంది. శంకరవ్వ మళ్లీ తన పాలు గుంజుకుని తీసుకుంటోంది, తక్కువైతే కొట్లాడుతోంది. మీ ఊరికి వస్తే తప్పక పోయి కథ వినండి. అయితే ఒక మాట. మొదటి వరుసలో కూర్చోకండి. పోయిన ఏడు నేను పక్క ఊళ్లో కూర్చున్నాను. కథ నడిచినంతసేపూ ఆ కళ్లు నన్ను వదల్లేదు. రాయమల్లు, శంకరవ్వ జోలె కట్టుకున్న ఏడు నువ్వెక్కడున్నావని అడుగుతున్నట్టే ఉంది. పూలదండలు గుచ్చుతున్నానని చెబుదామంటే నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, మనసు కుదుటపడటానికి మా ప్రదర్శనశాలకు పోయాను. అక్కడి బొమ్మల ముందు ఎంతసేపు నిలబడినా అవి మనల్ని చూడవు, ఏమీ అడగవు. హాయిగా ఒక మూల కూర్చుందామనుకున్నాను. జాగా దొరకలేదు. మీరంతా అప్పటికే వచ్చి కూర్చున్నారు.